వెలగని మూడో మోటారు

1987 మార్చి 24న శ్రీహరికోట నుంచి ఏఎస్ఎల్‌వీ రాకెట్టు తొలిసారి పైకి లేచింది. ఎత్తు దాదాపు 24 మీటర్లు, బరువు 40 టన్నులు, నెత్తిన 150 కిలోల స్రాస్-1 ఉపగ్రహం. పక్కలకు కట్టిన రెండు స్ట్రాపాన్ మోటార్లు నేలమీదే అంటుకుని, సుమారు 49 సెకన్లు చక్కగా మండాయి. అవి ఆరే వేళకు నడిమధ్య ఉన్న మూడో మోటారు అందుకోవాలి. అది వెలగలేదు. కాసేపటికి రాకెట్టు బంగాళాఖాతం పాలైంది.

శ్రీహరికోట అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది, 2022 నుంచి తిరుపతి జిల్లా కిందికి వచ్చింది. దగ్గర్లోని సూళ్లూరుపేటలో ఇప్పటికీ రాకెట్టు లేస్తుంటే జనం మేడలెక్కుతారు. నేలమీంచి చూసేవాళ్లకు ఆ రోజు కనిపించింది మంట ఆగిపోవడం ఒక్కటే. ఎందుకు ఆగిందో తెలియాలంటే రేడియోలో దిగివచ్చిన అంకెలూ, తర్కమూ తప్ప వేరే దారి లేదు.

మొదటి అనుమానం మోటారు మీదికి పోతుంది. అది నిలవదు. ఈ ఘన ఇంధన మోటారు అంతకుముందరి రాకెట్టు ఎస్ఎల్‌వీ-3 మొదటి దశకు వారసురాలు. 1979, 1980, 1981, 1983లలో నాలుగుసార్లు ఎగిరిన ఎస్ఎల్‌వీ-3ని ప్రతిసారీ నేలమీంచి లేపింది ఆ మోటారే. పైగా అదే రోజు, అదే రాకెట్టు మీద, అదే కుటుంబానికి చెందిన రెండు స్ట్రాపాన్లు వెలిగాయి. ముగ్గురు తోబుట్టువుల్లో ఇద్దరు పలికి ఒకరు పలకలేదంటే వంశాన్ని తప్పుపట్టలేం.

పోనీ, గాలిలో వెలిగించడం కొత్తా? అదీ కాదు. ఎస్ఎల్‌వీ-3 పైదశలన్నీ గాలిలో వెలిగేవే. మోటారూ పాతదే, గాలిలో వెలిగించే విద్యా పాతదే. ఇక కొత్తగా మిగిలింది ఈ వాహనం కోసం వేసిన తీగల అమరిక. విచారణలో బయటికొచ్చిన అనుమానాలు కూడా అక్కడే గుమిగూడాయి: వెలిగించే సర్క్యూట్లో షార్ట్, లేదా ఎక్కడో తెగిన తీగ, లేదా సేఫ్-ఆర్మ్ పరికరం ఉన్నట్టుండి మొరాయించడం.

ఇక్కడ కాస్త ఆగాలి, అసలు ముడి ఇదే. మోటారు లోపల ఇంధనాన్ని అంటించేది స్క్విబ్ అనే చిన్న మందుగుళిక. దానిలో వెంట్రుకంత తీగ ఉంటుంది. ఒక ఆంపియర్ కరెంటు ఐదు నిమిషాలు పారినా అది పేలకూడదని మామూలు ప్రమాణం. పేలాలంటే కొన్ని ఆంపియర్లు ఒక్క ఉదుటున రావాలి. బ్యాటరీ ఎంపిక ముఖ్యమయ్యేది ఇందుకే. వోల్టేజీ చూపించడం ఒకటి, అడిగిన క్షణంలో కరెంటు ఇవ్వడం మరొకటి. పాతబడ్డ బ్యాటరీ ఉన్న బండికి హెడ్‌లైటు వెలుగుతుంది, సెల్ఫ్ నొక్కితే టిక్కుమని ఊరుకుంటుంది. తక్కువ బరువుతో ఎక్కువ కరెంటు ఇస్తుందనే రాకెట్లలో సిల్వర్-జింక్ బ్యాటరీలు వాడారు. కానీ బ్యాటరీ ఎంత మంచిదైనా, షార్ట్ ఉంటే కరెంటు సులువైన దారి చూసుకుంటుంది, స్క్విబ్ తీగ చల్లగానే ఉంటుంది. తీగ తెగితే అసలు దారే లేదు. అక్కడ కొలిచే సాధనం లేకపోతే ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి.

ఎయిర్‌సాఫ్ట్ తుపాకులతో ఆడేవాళ్లకు ఈ తంటా చిన్న మోతాదులో తెలుసు. అవి 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుళ్లు విసిరే తుపాకులు, చాలావరకు బ్యాటరీతో నడుస్తాయి. బ్యాటరీ తుపాకుల పాత రకాల్లో, లోపలి చిన్న విద్యుత్ మోటారుకు వెళ్లే కరెంటంతా ట్రిగ్గర్ దగ్గరి రాగి పలకల గుండానే పోయేది. 11.1 వోల్టుల లిథియం-పాలిమర్ బ్యాటరీ పెడితే నిప్పురవ్వలకు ఆ పలకలు మాడిపోయేవి. దానికి మందుగా మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చి వచ్చింది, ట్రిగ్గర్ సైగ చేస్తే చాలు, బరువు మోసేది అదే. తర్వాత చిప్పుతో నడిచే ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్లూ వచ్చాయి. వాటితో ఇంకో చిక్కు: మోటారు కదిలే తొలిక్షణంలో బ్యాటరీ వోల్టేజీ దిగజారితే చిప్పు సొమ్మసిల్లుతుంది. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ నిండుగానే ఉంటుంది! 1300 మిల్లీఆంప్-అవర్, 20సీ అని రాసున్న బ్యాటరీ 1.3కు ఇరవై రెట్లు, అంటే 26 ఆంపియర్లు ఇవ్వగలగాలి. కొనేవాళ్లు మొదటి అంకె చూసి రెండోది వదిలేస్తారు. రాకెట్లలో కంప్యూటరుకొక బ్యాటరీ, మందుగుళికలకొక బ్యాటరీ విడిగా పెట్టే వాడుకకు ఈ భయం కూడా ఒక కారణం.

మూడో అనుమానితుడు సేఫ్-ఆర్మ్ పరికరం. పొరపాటున కరెంటు తగిలి మోటారు నేలమీదే అంటుకుంటే మనుషులు పోతారు. అందుకే స్క్విబ్‌కూ ఇంధనానికీ నడుమ అడ్డు పెట్టి, సమయం వచ్చాకే తొలగిస్తారు. కంచే చేను మేసిందా? వెలగకూడనప్పుడు వెలగకుండా వేసిన ప్రతి తాళమూ వెలగాల్సినప్పుడు వెలగకపోవడానికి ఇంకో కారణమవుతుంది. కదిలే భాగమున్న చోటే అనుమానం ఎక్కువ పెట్టుకోవాలి కాబట్టి, నా ఓటు దీనికే. అయితే ఒక్క దోషినే బోనులో నిలబెట్టేంత సాక్ష్యం దొరకలేదు.

1988 జులై 13న రెండో ఏఎస్ఎల్‌వీ లేచింది. ఈసారి మూడో మోటారు వెలిగింది, ట్రిగ్గర్ పనిచేసింది. అయినా రాకెట్టు ముక్కలైంది. ఈసారి ఆధారాలు వేరే దారి చూపాయి: స్ట్రాపాన్ల బలం తగ్గిపోయాక, నడిమి మోటారు పుంజుకునేలోపు కొద్ది క్షణాల ఖాళీ. వాహనం మీద గాలి ఒత్తిడి తీవ్రంగా ఉండే సమయం సరిగ్గా అదే. అదుపు చేసే బలం చాలలేదు. వెలిగిందా లేదా అన్న ప్రశ్న పోయి, ఎప్పుడు వెలిగింది అన్న ప్రశ్న ముందుకొచ్చింది. గడియారం చెప్పిన సెకనుకు స్ట్రాపాన్లు కట్టుబడి ఉండవు కదా.

మార్పు అక్కడే చేశారు. స్ట్రాపాన్ల బలం పడిపోతోందని రాకెట్టే గమనించి, అప్పుడు నడిమి మోటారును వెలిగించేలా నిర్ణయ వ్యవస్థ పెట్టారు. నిలకడకు రెక్కలు తగిలించారు. 1992 మే 20న మూడో ఏఎస్ఎల్‌వీ 106 కిలోల స్రాస్-సీని కక్ష్యలో పెట్టింది, అనుకున్నదానికన్నా తక్కువ ఎత్తులోనే అయినా. 1994 మే 4న వెళ్లిన స్రాస్-సీ2 ఏడేళ్లు పనిచేసింది.

ఆ ఒక మీటరు వ్యాసం మోటారు తర్వాతి రాకెట్టు పీఎస్ఎల్‌వీ పక్కలకు ఆరు చొప్పున చేరింది. వాటిలో నాలుగు నేలమీద వెలుగుతాయి. మిగతా రెండూ లేచిన 25 సెకన్లకు, గాలిలో.