మొదటి సంవత్సరం పిల్లల చేతికి కంప్యూటర్ ఎలా వచ్చింది

ఈ ఏడు డిగ్రీలో, బీటెక్‌లో చేరిన తమ్ముళ్ళ కోసం, చెల్లెళ్ళ కోసం రాస్తున్నాను. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అయితే అది వస్తోందని వాతావరణ శాఖ ముందే చెప్పింది. డొంకూరు లాంటి ఊళ్ళలో వేటకి వెళ్ళేవాళ్ళకి ఆ మాట ప్రాణంతో సమానం. అది శాటిలైట్ బొమ్మ చూసి మాత్రమే చెప్పే మాట కాదు. గాలి, ఒత్తిడి, సముద్రం వేడి, వీటిని సమీకరణాలుగా రాసి కంప్యూటర్ చేత లెక్క కట్టిస్తారు. సైంటిఫిక్ కంప్యూటింగ్ అంటే ఇదే. కోడింగ్ అనగానే మనోళ్ళు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అనుకుంటారు గాని, కంప్యూటర్లు మొదట తయారైంది ఇలాంటి లెక్కల కోసమే.

1957లో ఐబీఎంలో జాన్ బాకస్ బృందం ఫోర్ట్రాన్ తెచ్చింది. సూత్రాన్ని దాదాపు లెక్కల పుస్తకంలో ఉన్నట్టే రాయొచ్చు. మన దేశంలో 1963లో ఐఐటీ కాన్పూర్‌కి ఐబీఎం 1620 వచ్చింది, విద్యార్థులకి ప్రోగ్రామింగ్ నేర్పడం మొదలైంది. అక్కడ పాఠం చెప్పిన వి.రాజారామన్ 1969లో రాసిన పుస్తకంతో అది మిగతా కాలేజీలకీ పాకింది.

నాకు బాగా నచ్చింది మాత్రం అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ కథ. అక్కడ కెమెనీ, కర్ట్జ్ అని ఇద్దరు లెక్కల మాస్టార్లు. తమ కాలేజీలో ఎక్కువమంది సైన్సు పిల్లలు కారు, మరి వాళ్ళకి కంప్యూటర్ ఎందుకు అందకూడదు అన్నది వాళ్ళ ప్రశ్న. అందుకే 1964 మే 1న బేసిక్ భాష నడిపించారు. ఒకే యంత్రాన్ని ఒకేసారి చాలామంది వాడుకునే ఏర్పాటు చేశారు. దాని ప్రోగ్రాములు చాలావరకు రాసింది అక్కడి డిగ్రీ విద్యార్థులే! కార్డులు ఇచ్చి ఫలితం కోసం గంటలు, రోజులు కాచుకునే కాలంలో తప్పు వెంటనే కనపడటం, వెంటనే దిద్దుకోవడం చిన్న మార్పు కాదు.

మన తెలుగు నేల మీద అలాంటి పని 2008లో జరిగింది. నూజివీడు, బాసర, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టి, పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లల్ని తీసుకుని ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. 2016లో శ్రీకాకుళానికీ ఒకటి వచ్చింది. ఆ యూనివర్సిటీకి మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. వాళ్ళింట్లో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటి మనిషి ఆయనే. (రైతు కుటుంబం లెండి, మన కొండ ఊళ్ళ సంగతి వేరు. అయినా ఆ మొదటి మెట్టు ఎలా ఉంటుందో మనకి తెలుసు.)

ట్రిపుల్ ఐటీ సీటు రానివాళ్ళ సంగతేంటి? 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో కేంద్రం ఐసీటీ విద్యా మిషన్ మొదలెట్టింది. దాని డబ్బుతోనే ఐఐటీ బొంబాయిలో ఫాసీ, స్పోకెన్ ట్యుటోరియల్ నడిచాయి. డబ్బు కట్టి కొనాల్సిన మాట్‌ల్యాబ్ బదులు సైల్యాబ్, పైథాన్ లాంటి ఉచితమైనవి కాలేజీలకి అలవాటు చేయడం ఫాసీ పని. స్పోకెన్ ట్యుటోరియల్‌లో చిన్న చిన్న వీడియోలు, చాలావాటికి తెలుగు గొంతు కూడా ఉంది. స్క్రీన్ మీద ఇంగ్లీషు, చెవికి తెలుగు. దించుకుంటే నెట్ లేకపోయినా ఆడతాయి.

అందుకే నాకు కోపం వస్తుంది. యంత్రం, డబ్బు, భాష, మూడు అడ్డాలూ ఇంత తగ్గాక కూడా చాలా ల్యాబుల్లో ప్రోగ్రాం బోర్డు మీద రాస్తారు, మనం రికార్డులో దించుతాం, మార్కులు పడతాయి. రన్ చేసి చూసినోడు ఉండడు. రెండో సెమిస్టర్‌కి వచ్చేసరికి "ఇది మనకి రాదులే" అని మనోడే అంటాడు.

ఒక మాట. పైథాన్ 3లో వేరియబుల్‌కి తెలుగులో పేరు పెట్టొచ్చు. 1936లో మంగేయి గొమాంగో తయారుచేసిన సవర లిపి సొరంగ్ సొంపెంగ్‌కీ 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. కంప్యూటర్‌కి మన అక్షరాలతో పేచీ లేదు.

మీ ఊరి బావిలో నీరు ఎంత లోతున ఉందో వారం వారం తాడుతో కొలిచి రాయమనండి ఇంట్లోవాళ్ళని. ఆ అంకెలతో పది లైన్ల పైథాన్‌లో గ్రాఫ్ వస్తుంది. ఎర్రర్ వస్తే స్క్రీన్‌షాట్ ఇక్కడే పెట్టండి, తెలిసిన అన్నలు, అక్కలు చెప్తారు.