వాడు మొద్దు కాదని మొదట చెప్పింది ఒక మాస్టారే

ఈ ఎపిసోడ్ కాస్త నా సొంత గొడవతో మొదలవుతుంది. తర్వాత చరిత్రలోకి వెళ్దాం, ఓపిక పట్టండి.

నా ఫోన్‌లో ఒక వాట్సాప్ చాట్ ఉంది. అవతలి వైపు నుంచి ఒక్క అక్షరం కూడా ఉండదు, అన్నీ వాయిస్ మెసేజ్‌లే. అది నా చిన్ననాటి ఫ్రెండ్‌ది. ఒకటి నుంచి ఐదో క్లాసు దాకా మాది ఒకే బెంచీ. పేరు చెప్పను, ఈ వీడియో వాడూ వింటాడు.

మా బడిలో రోజూ డిక్టేషన్ ఉండేది. తప్పు రాసినవాడి ముక్కు పట్టుకుని, కరెక్టుగా రాసినవాడు చెంప మీద కొట్టాలి. మీలో కొంతమందికి ఈ రూలు తెలిసే ఉంటుంది. నేను రాసేవాణ్ణి, వాడు రాయలేకపోయేవాడు. అంటే ఐదేళ్లలో వాణ్ణి ఎన్నిసార్లు కొట్టానో నాకే లెక్క లేదు. మెల్లిగా కొడితే మాస్టారు దగ్గరికొచ్చి, ఎలా కొట్టాలో నా చెంప మీద చూపించేవారు. విచిత్రం ఏంటంటే, నోటి లెక్కల్లో వాడు నాకంటే ఫాస్టు. కథ ఒక్కసారి వింటే చాలు, మక్కీకి మక్కీ తిరిగి చెప్పేవాడు. అయినా వాడి పేరు బడిలో ‘మొద్దు’.

మొన్న వాడి దగ్గర్నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "ఒరేయ్, మా పాప మూడో క్లాసు కదా. దానికీ అక్షరాలు ఎక్కట్లేదంట. టీచరమ్మ సోమవారం రమ్మంది. నాకు భయంగా ఉందిరా, నాలాగే అయిపోద్దేమో" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ‘మొద్దు’ అని మనం తేలిగ్గా అనేసే ఈ సంగతిని మొదట ఎవరు గుర్తించారు, టీచర్లకి దీన్ని నేర్పించాలని ఎవరికి, ఎప్పుడు తోచింది అని చదవడం మొదలుపెట్టాను. చదివింది మీతో పంచుకుంటాను.

1887లో జర్మనీలో, స్టుట్‌గార్ట్ నగరంలో రుడాల్ఫ్ బెర్లిన్ అనే కంటి డాక్టరు ‘డిస్‌లెక్సియా’ అనే మాట పుట్టించాడు. గమనించండి, కంటి డాక్టరు. మెదడుకి ఏదో జబ్బు చేసి, అప్పటిదాకా చదవగలిగిన పెద్దవాళ్లు ఉన్నట్టుండి చదవలేకపోవడం గురించి ఆయన రాశాడు. అది పిల్లల సంగతి కాదు.

పిల్లల కథ 1896 నవంబర్ 7న మొదలైంది. ఆ రోజు వచ్చిన బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు ఒక 14 ఏళ్ల కుర్రాడి గురించి రాశాడు. పేరు పెర్సీ. ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున సీఫర్డ్ అనే ఊరు. తెలివైనవాడు, ఆటల్లో ముందుండేవాడు, లెక్కలంటే ఇష్టం. అంకెలు ఎంత పెద్దవి ఇచ్చినా చదివేవాడు, అక్షరాలు మాత్రం రావు. ఏళ్ల తరబడి నేర్పించినా తన పేరే రెండక్షరాలు తారుమారు చేసి రాశాడు. తప్పు రాశానన్న సంగతి కూడా వాడికి వెంటనే తెలియలేదు.

ఆ వ్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది వాడికి పాఠాలు చెప్పిన మాస్టారి మాట. చదువంతా నోటితోనే చెప్పేదైతే బడి మొత్తంలో వీడే అందరికంటే చురుకైనవాడు అయ్యేవాడని ఆయన డాక్టరుతో అన్నాడు. చూశారా, డాక్టరు కలం పట్టక ముందే ఆ మాస్టారికి విషయం తెలుసు. లోపం తెలివిలో లేదు, అచ్చు అక్షరం దగ్గర ఏదో అడ్డం పడుతోంది అని. కానీ తెలిశాక ఏం చెయ్యాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు. మా మాస్టారికి, ఆయనకి తేడా ఇదే: ఆయన గమనించాడు. చెయ్యడానికి దారి మాత్రం ఇద్దరి దగ్గరా లేదు.

ఇక అమెరికా. 1925లో అయోవా రాష్ట్రంలో శామ్యూల్ ఓర్టన్ అనే మెదడు డాక్టరు ఒక పని చేశాడు. ఊళ్లలోకి వెళ్లి క్లినిక్ పెట్టి, చదువులో వెనకబడ్డ పిల్లల్ని పంపించండని బడి టీచర్లకి చెప్పాడు. అలా వచ్చినవాళ్లలో ఒక 16 ఏళ్ల కుర్రాడు. చదవలేడు. ఐక్యూ పరీక్షలో 71 వచ్చింది. ఆ రోజుల్లో ఆ నంబరు వస్తే మందబుద్ధి అని రాసి ఫైలు మూసేయొచ్చు. ఓర్టన్ మూసెయ్యలేదు. వాడితో మాట్లాడితే ఆ నంబరు వాడి తెలివికి తగ్గట్టు లేదని అర్థమైంది. కొలిచే బద్దలోనే తేడా ఉందన్నమాట.

ఓర్టన్ చెప్పిన కారణాల్లో కొన్ని తర్వాత నిలబడలేదు. కుడి మెదడు, ఎడమ మెదడు మధ్య పోటీ వల్ల అక్షరాలు తిరగబడి కనిపిస్తాయని ఆయన అనుకున్నాడు. ఈ రోజు ఎక్కువమంది పరిశోధకులు చెప్పేది వేరు. మాటని శబ్దాలుగా విడగొట్టి, ఏ శబ్దానికి ఏ అక్షరమో జత చెయ్యడంలో ఇబ్బంది ఉంటుంది. కంటి చూపుకి, దీనికి సంబంధం లేదు. కానీ ఓర్టన్ పట్టుబట్టిన ఒక్క మాట నిలబడింది: సరిగ్గా నేర్పిస్తే ఈ పిల్లలు నేర్చుకుంటారు.

ఆ ‘సరిగ్గా’ అంటే ఏంటో చూపించింది ఇద్దరు ఆడవాళ్లు, అన్నా గిల్లింగ్‌హమ్, బెస్సీ స్టిల్‌మన్. 1930ల్లో వీళ్లిద్దరూ టీచర్ల కోసమే ఒక పద్ధతి తయారుచేసి మాన్యువల్ రాశారు. అక్షరాన్ని కంటితో చూడాలి, శబ్దం పైకి అనాలి, చెవితో వినాలి, వేలితో దిద్దాలి, ఈ నాలుగూ ఒకేసారి. చిన్న ముక్కతో మొదలుపెట్టి, అది పట్టుబడ్డాకే తర్వాతది. మన పాతకాలం వీధిబడిలో ఇసకలో వేలితో దిద్దిస్తూ పైకి అనిపించేవాళ్లు కదా, చూడ్డానికి కొంచెం అలాగే ఉంటుంది. తేడా ఏంటంటే, ఇక్కడ ఏ పిల్లవాడు ఏ మెట్టు దగ్గర ఆగాడో టీచర్ కనిపెట్టి, ఆ మెట్టు నుంచే మళ్లీ ఎక్కిస్తుంది.

తర్వాత పేరు వచ్చింది. 1963 ఏప్రిల్ 6న చికాగోలో తల్లిదండ్రుల సమావేశం. తమ పిల్లల్ని ఒక్కో డాక్టరు ఒక్కో మాటతో పిలుస్తున్నాడని వాళ్ల బాధ. అక్కడ శామ్యూల్ కిర్క్ అనే ప్రొఫెసర్ ‘లెర్నింగ్ డిజబిలిటీ’ అనే మాట వాడాడు. 1975 నాటికి అమెరికా చట్టంలో ఆ మాటకి చోటు దొరికింది, ఆ పిల్లలకి బడిలో ప్రత్యేక సాయం హక్కు అయింది. మాట వచ్చి చట్టం రావడానికి అక్కడ 12 ఏళ్లు పట్టింది.

మరి మన దగ్గర? 1991లో చెన్నైలో మద్రాస్ డిస్‌లెక్సియా అసోసియేషన్ మొదలైంది, టీచర్లకి శిక్షణ ఇవ్వడం వాళ్ల ముఖ్యమైన పనుల్లో ఒకటి. అప్పటికే ఇలాంటివాళ్లు అక్కడక్కడా పనిచేస్తున్నారు. కానీ 1995లో వికలాంగుల చట్టం వచ్చినప్పుడు అందులో ఉన్నవి 7 రకాలే. చదవడంలో ఇబ్బంది వాటిలో లేదు. అంటే కాగితం మీద మా ఫ్రెండ్‌లాంటి పిల్లలు లేనట్టే. 2007 డిసెంబర్‌లో ‘తారే జమీన్ పర్’ వచ్చింది. చాలా ఇళ్లలో డిస్‌లెక్సియా అనే మాట మొదట వినిపించింది ఆ సినిమాతోనే. 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టించడం కూడా అందులోకే వస్తుంది. ఎవరి చెయ్యి అన్నది కాదు, ఎవరు కొట్టించారన్నదే ముఖ్యం.

చివరికి 2016లో కొత్త చట్టం. 7 రకాలు 21 అయ్యాయి, ‘స్పెసిఫిక్ లెర్నింగ్ డిజబిలిటీస్’ కూడా చేరింది. చదవడం కష్టమైతే డిస్‌లెక్సియా, రాయడం అయితే డిస్‌గ్రాఫియా, లెక్కలైతే డిస్‌కాల్కులియా. ఈ ఇబ్బందుల్ని వీలైనంత తొందరగా గుర్తించి, తగిన బోధన అందించడం బడుల బాధ్యత అని ఆ చట్టంలో 16వ సెక్షన్ చెబుతోంది. 2017 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ పిల్లల్ని చిన్న క్లాసుల్లోనే గుర్తించాలి, దానికి టీచర్లకి శిక్షణ ఇవ్వాలి అంది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ ‘ప్రశస్త్’ అనే యాప్ తెచ్చింది. మామూలు క్లాసు టీచర్ ఫోన్‌లో ఒక్కో గమనింపు టిక్ పెట్టుకుంటూ పోయే చెక్‌లిస్ట్ అది. దాని తర్వాతి మెట్టు స్పెషల్ ఎడ్యుకేటర్ చూడాలి.

ఇక్కడ ఒక పొరపాటు చెయ్యకండి. శిక్షణ అంటే టీచర్ని డాక్టర్ చెయ్యడం కాదు. చెక్‌లిస్ట్ నింపినంత మాత్రాన పిల్లకి జబ్బు పేరు పెట్టకూడదు. టీచర్ పని నాలుగు ముక్కలే: గమనించడం, రాసి పెట్టుకోవడం, ఇంట్లోవాళ్లతో మాట్లాడి సరైన చోటికి పంపడం, ఈలోపు క్లాసులో పద్ధతి మార్చడం. మొదట చూపు, వినికిడి పరీక్ష చేయించాలి. బడికి సరిగ్గా వస్తోందా చూడాలి. తెలుగు మీడియం నుంచి ఇంగ్లీష్ మీడియంకి ఈ మధ్యే మారిందా అడగాలి. కొత్త భాష రాకపోవడం వేరు, చదవడంలో ఇబ్బంది వేరు.

తెలుగుకి ఇంకో చిక్కుంది. ఇంగ్లీష్‌లో స్పెల్లింగు ఒకటి, పలికేది ఇంకొకటి కాబట్టి తప్పులు తొందరగా బయటపడతాయి. మన లిపిలో ఎలా రాస్తే దాదాపు అలాగే పలుకుతాం. అందుకని పిల్ల తప్పుల్లేకుండానే చదవొచ్చు, కానీ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నత్తనడకన. క్లాసులో అందరూ మూడో వాక్యానికి వెళ్తే తను మొదటి వాక్యంలోనే. గుణింతాలు, ఒత్తులు వచ్చేసరికి ఆగిపోతుంది. ద-ధ, మ-య దగ్గర తడబడుతుంది. టీచరేమో ‘బద్ధకం’ అనుకుంటుంది. ఇంగ్లీష్ పిల్లల కోసం రాసిన గుర్తులే మన టీచర్లకి నేర్పిస్తే ఈ పిల్ల కళ్ల ముందే తప్పిపోతుంది.

క్లాసులో మార్చాల్సినవి పెద్ద ఖర్చువి కావు. పైకి చదవమని అందరి ముందు హఠాత్తుగా లేపకూడదు. జవాబు నోటితో చెప్పనివ్వాలి. బోర్డు మీదిది మొత్తం ఎక్కించుకోమనే బదులు రాసిన కాగితం చేతికివ్వాలి. కొంచెం ఎక్కువ టైమ్ ఇవ్వాలి. 1896లో ఆ మాస్టారు అన్న మాట ఇదే కదా, నోటితో చెప్పే చదువు.

సోమవారం దాటింది. రాత్రికి మెసేజ్ వచ్చింది. వాడు బడికి వెళ్తుంటే చేతులు వణికాయంట. టీచరమ్మ కుర్చీ వేసి కూర్చోబెట్టి, పాప గురించి రెండు ముక్కలు చెప్పి, "నాన్నగారూ, చిన్నప్పుడు మీ చదువు ఎలా సాగేది?" అని అడిగిందంట. ఈ ఇబ్బంది కుటుంబాల్లో వచ్చే అవకాశం ఉంది కాబట్టి, శిక్షణ తీసుకున్నవాళ్లు అడగాల్సిన ప్రశ్నే అది. ఆమెకి అది చెక్‌లిస్ట్‌లో ఒక లైను కావచ్చు. వాడికి మాత్రం ఆ ప్రశ్న ఎవరైనా వేయడం జీవితంలో అదే మొదటిసారి. "డిక్టేషన్ గురించి చెప్పాన్రా" అన్నాడు. పాపని మండలంలో భవిత సెంటర్‌కి తీసుకెళ్లి చూపిద్దామని టీచరమ్మ చెప్పిందంట. ఏం తేలుతుందో ఇంకా తెలీదు.

ఈ ఎపిసోడ్ చెయ్యనా అని అడిగాను. "చెయ్యి, చెంపదెబ్బల సంగతి కూడా చెప్పు" అన్నాడు. అందుకే చెప్పాను.

మీలో బీఎడ్, డీఎడ్ చదువుతున్నవాళ్లు ఉంటారు. ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ పేపర్‌ని పాస్ మార్కుల కోసం కాకుండా ఒక్కసారి మనసుపెట్టి చదవండి. మీ క్లాసులో చివరి బెంచీలో ఒకడు కథ వింటూ కళ్లు పెద్దవి చేసి, పుస్తకం తెరవగానే తల దించుకుంటాడు. వాణ్ణి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.