ఇంటి బల్బు: వేడి నుంచి వెలుగు దాకా

బల్బు ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో, అది తినే కరెంటును వాట్లలో కొలుస్తారు. వాట్‌కు ఎన్ని ఎక్కువ ల్యూమెన్లు వస్తే బల్బు అంత పొదుపైనది.

1879లో ఎడిసన్ తయారుచేసిన కార్బన్ తీగ బల్బు వాట్‌కు రెండు ల్యూమెన్లు కూడా ఇచ్చేది కాదు. 1910 ప్రాంతంలో విలియం కూలిడ్జ్ టంగ్‌స్టన్‌ను సన్నని తీగగా సాగదీసే పద్ధతి కనిపెట్టాక ఇళ్లలో వాడే బల్బు నుంచి వాట్‌కు పది, పన్నెండు ల్యూమెన్లు రావడం మొదలైంది. ఆపైన ఈ గుండు బల్బు పెద్దగా మారలేదు. అది వాడుకునే కరెంటులో 90 శాతానికి పైగా వేడిగానే పోతుంది. రాత్రంతా వెలిగే జీరో బల్బు కూడా 15 వాట్ల దాకా తినేది. రోజుకు పది గంటల లెక్కన నెలకు నాలుగున్నర యూనిట్లు.

ట్యూబ్‌లైట్ 1938లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. పాదరసపు ఆవిరిలో పుట్టే అతినీలలోహిత కిరణాలు గొట్టం లోపలి పూతకు తగిలి తెల్లని వెలుగవుతాయి. 40 వాట్ల ట్యూబు చోక్‌తో కలిపి 50 వాట్లు లాగినా, 60 వాట్ల గుండు బల్బుకు మూడింతల వెలుగిచ్చేది. అయితే ఓల్టేజీ పడిపోతే స్టార్టర్ కొట్టుకోవడమే తప్ప ట్యూబు అందుకునేది కాదు. గుండు బల్బు మాత్రం ఎర్రగానైనా వెలిగేది.

ట్యూబ్‌లైట్ సూత్రంతోనే 1980ల్లో వచ్చిన సీఎఫ్‌ఎల్ గుండు బల్బు హోల్డర్‌లోనే సరిపోయినా, ధర సామాన్యుడికి అందలేదు. 2009లో కేంద్రం బచత్ ల్యాంప్ యోజన కింద పాత బల్బు తీసుకుని 15 రూపాయలకే సీఎఫ్‌ఎల్ ఇప్పించింది. మిగతా ఖర్చును కార్బన్ క్రెడిట్ల అమ్మకంతో రాబట్టుకోవాలన్నది ఏర్పాటు. అలాంటి పంపిణీ తొలిరోజుల్లోనే జరిగిన చోట్లలో విశాఖపట్నం ఒకటి.

ఎల్‌ఈడీ బల్బుకు దారి వేసింది నీలి వెలుగిచ్చే డయోడ్. దాని సృష్టికర్తలు అకసాకి, అమనో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. ఆ ఏడాదే ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ ఎల్‌ఈడీ బల్బులను టోకున కొనడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో పాత బల్బులు ఇచ్చిన ఇళ్లకు ఒక్కోటి 10 రూపాయలకే రెండేసి అందాయి. 2015 జనవరిలో ఈ ఎల్‌ఈడీ పంపిణీ పథకం దేశమంతటికీ విస్తరించింది. 2014లో 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016కల్లా 38కి దిగింది.

రోజుకు ఐదు గంటలు వెలిగితే 60 వాట్ల గుండు బల్బుకు నెలకు 9 యూనిట్లు ఖర్చు. దాదాపు అంతే వెలుగుకు 14 వాట్ల సీఎఫ్‌ఎల్‌కు 2.1, 9 వాట్ల ఎల్‌ఈడీకి 1.35 యూనిట్లు చాలు. ప్రతి మెరుగైన బల్బూ ఏళ్ల ముందే తయారైంది. సామాన్యుడి ఇంట్లో అది వెలిగింది మాత్రం ధర దిగాకే.