హ్యాండ్‌లోడింగ్: పాత వేట రైఫిళ్ల గురి

హ్యాండ్‌లోడింగ్ అంటే ఒకసారి పేల్చిన ఇత్తడి కేసును సరిచేసి, కొత్త ప్రైమరు, మందు, గుండు అమర్చి తూటాను చేత్తో తయారు చేసుకోవడం. రీలోడింగ్ అనే పేరు కూడా వాడుకలో ఉంది. ఫ్యాక్టరీ తూటా ఆ క్యాలిబర్‌లో వచ్చిన ప్రతి రైఫిల్‌లోనూ పట్టాలి కాబట్టి దాని కొలతల్లో కొంత వదులు ఉంచుతారు. చేత్తో చేసిన తూటా ఒక్క రైఫిల్‌కు సరిపోతే చాలు. పాత రైఫిళ్లలో గురి మెరుగుపడడానికి మూలకారణం ఇదే. ఈ వ్యాసం ప్రధానంగా 6.5×55 స్వీడిష్ మౌజర్‌ను ఉదాహరణగా తీసుకుంటుంది.

చరిత్ర

కేసును మళ్లీ వాడుకునే పద్ధతి లోహపు తూటాలంత పాతది. 1866లో అమెరికన్ హైరమ్ బెర్డన్, ఆంగ్లేయుడు ఎడ్వర్డ్ బాక్సర్ వేర్వేరు ప్రైమర్లకు పేటెంట్లు పొందారు. బాక్సర్ ప్రైమరు అమర్చే కేసుకు అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది. లోపలి నుంచి సూది దించి నొక్కితే కాలిన ప్రైమరు ఊడి వస్తుంది. బెర్డన్ రకానికి రంధ్రాలు పక్కలకు ఉంటాయి కనుక ఆ పని అంత సులువు కాదు. ఆంగ్లేయుడి ప్రైమరు అమెరికాలోనూ, అమెరికన్ ప్రైమరు యూరప్‌లోనూ స్థిరపడ్డాయి. హ్యాండ్‌లోడింగ్ అమెరికాలో ఎక్కువగా వ్యాపించడానికి ఇదొక కారణమని చాలామంది రాశారు. అయితే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చౌకగా దొరికిన సైనిక మిగులు మందు ప్రభావం అంతకన్నా ఎక్కువ కావచ్చు. ఆ మందును అమ్మి అమెరికన్ బ్రూస్ హాడ్జ్‌డన్ వ్యాపారం నిలబెట్టాడు.

పనిముట్ల తయారీలో జాన్ బార్లో 1884లో మొదలుపెట్టిన ఐడియల్ కంపెనీ తొలి ప్రముఖ సంస్థ. 1925లో దాన్ని లైమన్ కంపెనీ కొన్నది. హ్యాండ్‌లోడింగ్‌పై ఫిలిప్ షార్ప్ బృహద్గ్రంథం 1937లో వెలువడింది. 1940లలో ఆర్‌సీబీఎస్, సియర్రా, హార్నడీ వంటి సంస్థలు రావడంతో మేలురకం డైలు (కేసుకు రూపమిచ్చే అచ్చులు), గుళ్లు సామాన్య వేటగాడికి అందాయి.

6.5×55 స్వీడిష్ మౌజర్

ఈ తూటాను స్వీడన్, నార్వే సంయుక్త సంఘం రూపొందించింది. పుట్టిన ఏడాదిని కొందరు 1891గా, మరికొందరు 1893గా, 1894గా చెబుతారు. సంఘం పని మొదలైంది 1891లో, సైన్యం స్వీకరించింది 1894లో. కనుక 1894 అనడమే సబబు. స్వీడన్ దీన్ని 1894లో కార్బైన్‌లోనూ, 1896లో ఎం/96 రైఫిల్‌లోనూ ప్రవేశపెట్టింది. తొలి విడతలు జర్మనీలోని ఓబర్న్‌డార్ఫ్ మౌజర్ కర్మాగారంలో, తర్వాతివి ఎస్కిల్స్‌టూనాలోని కార్ల్ గుస్తావ్ కర్మాగారంలో తయారయ్యాయి. సైన్యం విడిచిన రైఫిళ్లు కర్ర కోయించుకుని వేటకు మళ్లాయి. హస్క్వర్నా సంస్థ ఇదే యాక్షన్‌తో (బోల్టు, దాన్ని పట్టే చట్రంతో) నేరుగా వేట రైఫిళ్లను కూడా చేసింది.

సైనిక రైఫిల్ కర్రకు గుండ్రని ఇత్తడి బిళ్ల ఉంటుంది. మూడు భాగాలున్న ఆ బిళ్ల మీద బ్యారెల్ లోపలి వ్యాసం, లోపలి స్థితి వంటి వివరాలు సూచించి ఉంటాయి. కర్రలు మారిన రైఫిళ్లు చాలా ఉన్నందున బిళ్లను కొలతకు బదులుగా నమ్మకూడదు.

ఈ రైఫిల్ స్వభావం రెండు లక్షణాల మీద ఆధారపడి ఉంది. మొదటిది బ్యారెల్ లోపలి మెలిక: 200 మిల్లీమీటర్లకు ఒక చుట్టు. రెండోది ఛాంబర్ ముందరి పొడవైన గొంతు. రెండూ 10.1 గ్రాముల పొడవాటి మొద్దుమూతి గుండు కోసం ఏర్పడ్డవి. 1941లో సైన్యం సుమారు 9 గ్రాముల కోసుగుండుకు మారినా గొంతు పొడవు మారలేదు. తేలికైన పొట్టి గుండు బ్యారెల్ లోపలి గాడులను చేరేలోగా కొంతదూరం ఆధారం లేకుండా దూకాల్సి వస్తుంది. అందుకే ఈ రైఫిళ్లలో 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9.1 గ్రాములు, ఆపైన బరువున్న గుళ్లే సాధారణంగా మెరుగైన ఫలితమిస్తాయి. తేలిక గుళ్లతో మంచి గ్రూపులు (లక్ష్యంపై గుళ్లు దగ్గరదగ్గరగా పడ్డ గుంపులు) వచ్చాయన్న కథనాలూ లేకపోలేదు.

కేసు

అనుభవజ్ఞులు మందు కన్నా ముందు కేసు సంగతి చూస్తారు. అసలు 6.5×55 కేసు అంచు వ్యాసం 12.2 మి.మీ. కొన్ని అమెరికన్ కేసులు .30-06 కొలతకు, అంటే 12.0 మి.మీ.కు, దగ్గరగా ఉంటాయి. అవి పాత ఛాంబర్‌లో వదులుగా కూర్చుని, పేలాక అడుగుభాగంలో ఒకవైపు ఉబ్బుతాయి.

ఒకసారి పేలిన కేసు ఆ ఛాంబర్ ఆకారానికి వ్యాకోచిస్తుంది. దాన్ని డైలో మళ్లీ పూర్తిగా నొక్కేస్తే ఆ లాభం పోతుంది. కేసు భుజాన్ని, అంటే మెడ కింది వాలును, 0.03 నుంచి 0.05 మి.మీ. వరకు మాత్రమే వెనక్కి నెట్టడం నేటి వాడుక. మెడ మాత్రమే బిగించే పాత పద్ధతికీ సమర్థకులున్నారు, కానీ కొన్ని కాల్పుల తర్వాత బోల్టు బిగుసుకుంటుంది. వేటలో అది పనికిరాదు.

ప్రతిసారీ అతిగా నొక్కిన కేసు అడుగుకు కాస్త పైన సాగి పలచబడి, చివరకు రెండు ముక్కలవుతుంది. బయట మెరిసే సన్నని గీత కనిపిస్తే అనుమానించాలి. కొన వంచిన సన్నని తీగను కేసులోకి దించి గోడవెంట పైకి లాగితే, లోపల గాడి పడి ఉంటే తీగ కొన అక్కడ తగులుకుంటుంది. అలాంటి కేసును పారేయాలి.

గుండు అమరే లోతు

మెడకు నిలువుగా చీలిక పెట్టిన ఖాళీ కేసులో గుండును వదులుగా గుచ్చి, ఛాంబర్‌లో పెట్టి బోల్టును మెల్లగా మూస్తే, గుండు గాడులను తాకి వెనక్కి జరుగుతుంది. బయటికి తీసి కొలిస్తే ఆ రైఫిల్‌కు గరిష్ఠ పొడవు తెలుస్తుంది. గుండు మొనలు సమానంగా ఉండవు కాబట్టి వంపు మీద నిర్ణీత వ్యాసం దగ్గర నుంచి కొలవాలి. ప్రామాణిక గరిష్ఠ పొడవు 80 మి.మీ. మ్యాగజీన్ కూడా దాదాపు అంతే పట్టనిస్తుంది. అరిగిన గొంతున్న రైఫిల్‌లో గాడుల దాకా చేరడం చాలాసార్లు కుదరదు. గుండు దూకే దూరం ఎంతున్నా, అది అన్ని తూటాల్లోనూ ఒకేలా ఉండడమే ముఖ్యం.

మందు, పీడనం

గరిష్ఠ పీడనాన్ని యూరప్ సంస్థ సీఐపీ 380 మెగాపాస్కల్‌గా, అమెరికా సంస్థ సామీ 51,000 పీఎస్ఐగా, అంటే సుమారు 352 మెగాపాస్కల్‌గా, నిర్ణయించాయి. కొలిచే పద్ధతులు వేరు కనుక అంకెలను నేరుగా పోల్చలేం. కానీ సామీ అంకె పాత రైఫిళ్లను దృష్టిలో పెట్టుకున్నదని సాధారణ అభిప్రాయం. ఎం/96 యాక్షన్‌కు 1898 మౌజర్‌లోని మూడో రక్షణ లగ్గు (బోల్టును పట్టి ఉంచే కొమ్ము) లేదు, కేసు చిట్లితే వాయువును మళ్లించే ఏర్పాటూ బలహీనం. అందుచేత అచ్చయిన గరిష్ఠ పరిమాణానికి పది శాతం తక్కువతో మొదలుపెట్టడం నియమం. బోల్టు బిగుసుకోవడం, ప్రైమరు చదునవడం వంటి గుర్తులు కనిపించేసరికి పీడనం సాధారణంగా హద్దు దాటే ఉంటుంది. గురి బాగుండే చోటు గరిష్ఠానికి దిగువనే దొరకడం అరుదు కాదు.

గ్రూపు కొలతపై వివాదం

మందును మెట్లుమెట్లుగా పెంచుతూ కాల్చే పద్ధతికి రైఫిల్ షూటర్ క్రైటన్ ఆడెట్ పేరు ముడిపడి ఉంది. బ్యారెల్ కంపనంలో అనుకూలమైన బిందువు ఒకటుందని, మందు సవరణతో దాన్ని పట్టుకోవచ్చని ఆయన మార్గంలో నడిచేవారి వాదన. గణాంకం తెలిసినవారు దీన్ని అంగీకరించరు. గుళ్లు పడే చోట్లు యాదృచ్ఛికంగా చెదురుతాయనుకుంటే, ఒకే తూటాతో మూడు గుళ్ల గ్రూపు సగటున ప్రామాణిక విచలనానికి 2.4 రెట్లు, ఐదు గుళ్లది 3.1 రెట్లు, పది గుళ్లది 3.8 రెట్లు ఉంటుంది. అంటే మూడు గుళ్లతో ఒక నిమిషం కోణం చూపిన రైఫిల్, ఏ మార్పూ లేకుండానే పది గుళ్లకు సుమారు 1.6 నిమిషాలు చూపుతుంది. వంద మీటర్ల దూరంలో ఒక నిమిషం అంటే 29 మి.మీ. మూడేసి గుళ్లతో తేల్చిన మేలుబంతి తూటాల్లో చాలావరకు అదృష్టమేనన్న రెండో వాదన బలంగా కనిపిస్తుంది.

రైఫిల్ పరిస్థితి బాగాలేకపోతే ఈ శ్రమంతా వృథా. బ్యారెల్‌లో పేరుకున్న రాగి, దెబ్బతిన్న మూతి అంచు, తేమకు వంగి బ్యారెల్‌ను నొక్కే కర్ర, వదులైన మరలు: వీటిని ముందు సరిచేయాలి.

భారతదేశంలో

బ్రిటిష్ కాలపు వేట రైఫిళ్లలో ప్రసిద్ధమైనది వేటగాడు జిమ్ కార్బెట్ .275 రిగ్బీ. 1907లో చంపావత్ నరభక్షక పులిని చంపినందుకు దాన్ని ఆయనకు బహూకరించారు. .275 రిగ్బీ, 7×57 మౌజర్ ఒకటేనా అన్నదానిపై చర్చ ఉన్నా, రెండూ ఒకటేనన్న మాటకే మొగ్గు ఎక్కువ. తిరుపతి దగ్గరి మామండూరు, చామల అడవుల్లో తిరిగిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ వాడింది .405 వించెస్టర్. దాని గుండు వ్యాసం 0.411 అంగుళాలు, వేరే తూటాల్లో అరుదు. ఇలాంటి క్యాలిబర్లకు మార్కెట్లో తూటా కొరవడినప్పుడు హ్యాండ్‌లోడింగే దారి.

అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దేశంలో వన్యమృగాల వేట నిషిద్ధం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. తాతల నాటి రైఫిల్ ఇంట్లో ఉన్నా, దానికి లైసెన్సు ఉన్నా, తూటా తయారీకి విడిగా అనుమతి కావాలి.