కొండకు ఈవల సర్పంచులు, ఆవల ఎంపీలు

కోరాపుట్ కొండల్లోని నందపూర్ ఒకనాటి రాజధాని. ఆ రాజవంశం తర్వాత జయపురానికి తరలిపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ కొండలూ, అరకు కొండలూ విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలోనివే. సరిహద్దు గీసిన తర్వాత రెండు వైపులా ఆదివాసీ స్త్రీల రాజకీయ జీవితం వేర్వేరు దారులు పట్టింది.

కోరాపుట్ లోక్‌సభ స్థానం నుంచి ఇప్పటిదాకా గెలిచిన మహిళ ఒక్కరే, 1999లో హేమా గమాంగ్. అప్పటికి ఆమె భర్త గిరిధర్ గమాంగ్ రాష్ట్ర ముఖ్యమంత్రి. 2024లో ఈ లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాల్లోనూ మగవాళ్లే గెలిచారు.

కింది మెట్టు దగ్గర మాత్రం కథ వేరు. 73వ రాజ్యాంగ సవరణ కన్నా ముందే, 1992 పంచాయతీ ఎన్నికల్లో, బిజూ పట్నాయక్ ప్రభుత్వం మహిళలకు మూడో వంతు స్థానాలు కేటాయించింది. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో పంచాయతీల అధ్యక్ష పదవులను గిరిజనులకే ఇచ్చింది. మహిళల వాటా 2012 ఎన్నికల నాటికి సగానికి పెరిగింది. 2022లో ఇరవైల్లో ఉన్న సరస్వతీ మాఝీ రాయగడ జిల్లా పరిషత్ అధ్యక్షురాలైంది.

అయితే ఒడిశా పంచాయతీ చట్టం సర్పంచ్‌గా నిలబడాలంటే ఒడియా చదవడం, రాయడం వచ్చి తీరాలంటుంది. ఇంట్లో కువి, గదబ, దేశియా, తెలుగు మాట్లాడుతూ చిన్నప్పుడే బడి మానేసిన ఆడపిల్లకు ఈ ఒక్క నిబంధనే తలుపు మూసేస్తుంది. ఇద్దరికి మించి పిల్లలుంటే అనర్హత అనే నిబంధన ఇంకొకటి. ఎంతమందిని కనాలో తేల్చేది చాలా ఇళ్లలో ఆమె కాదు, పదవి పోయేది మాత్రం ఆమెకే. ఆంధ్రప్రదేశ్ ఇలాంటి నిబంధనను 2024లో ఎత్తేసింది. ఒడిశా కూడా ఎత్తేయాలి. ఇవన్నీ దాటి గెలిచినా, వచ్చే ఎన్నికలకు రిజర్వేషన్ మారిపోతే అయిదేళ్లు నేర్చుకున్న పని అక్కడితో ఆగిపోతుంది.

ఈ స్త్రీలు మాట్లాడటం చేతకాక వెనకబడ్డారనే వాళ్లు 2013 నాటి నియమగిరిని చూడాలి. సుప్రీంకోర్టు ఆదేశంపై రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 ఊళ్లలో గ్రామసభలు జరిగాయి. జూలై 18న సెర్కాపాడిలో మొదలై ఆగస్టు 19న జర్పాలో ముగిశాయి. ఎదుట జడ్జి, చుట్టూ పోలీసులు. అంతమంది మధ్య డొంగ్రియా ఆదివాసీ ఆడవాళ్లు లేచి నిలబడి, బాక్సైట్ కోసం నియమగిరి కొండను తవ్వనివ్వబోమని కువిలోనే చెప్పారు. పన్నెండు ఊళ్లదీ ఒకటే జవాబు. నా లెక్కలో ఈ ప్రాంతపు రాజకీయ చరిత్రలో ఇంతకు మించిన ఘట్టం లేదు.

కొండకు ఆవల అరకులో 2014 నుంచి వరసగా ముగ్గురు ఎంపీలూ మహిళలే: కొత్తపల్లి గీత, గొడ్డేటి మాధవి, గుమ్మా తనూజారాణి. మాధవి గెలిచేనాటికి పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. కురుపాం నుంచి గెలిచిన పాముల పుష్పశ్రీవాణి ఉప ముఖ్యమంత్రి అయ్యారు. కోరాపుట్ సరిహద్దునే ఉన్న సాలూరు నుంచి గుమ్మిడి సంధ్యారాణి 2024లో మంత్రి అయ్యారు. పార్టీలు టికెట్ ఇస్తే జనం ఓటేస్తారనడానికి ఇంకేం రుజువు కావాలి? కానీ మాధవి మాజీ ఎమ్మెల్యే గొడ్డేటి దేముడు కూతురు, తనూజారాణి మాజీ ఎమ్మెల్యే చెట్టి ఫాల్గుణ కోడలు. ఆవలి వైపు కూడా ఇంటిపేరు చాలా పని చేసింది.

అలాంటి అండ లేని పిల్లకు మిగిలేది స్థానిక సంస్థల దారే. ద్రౌపదీ ముర్ము 1997లో రాయ్‌రంగ్‌పూర్ కౌన్సిలర్‌గా మొదలై రాష్ట్రపతి అయింది ఆ దారినే. 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణ ఇచ్చిన మహిళా రిజర్వేషన్ అమలైతే చట్టసభల్లోని గిరిజన స్థానాల్లోనూ మూడో వంతు మహిళలవే. అభ్యర్థుల కోసం పార్టీలు అప్పుడు వెతకాల్సింది నాయకుల ఇళ్లలో కాదు, పంచాయతీ సమితుల్లో. నందపూర్, పొట్టంగి, సెమిలిగుడలో పదవి పోయి ఇంట్లో కూర్చున్న మాజీ సర్పంచమ్మలకు బడ్జెట్ చదవడం, అర్జీ రాయడం, సభలో నిలదీయడం నేర్పే పని ఈలోగానే మొదలవ్వాలి.