దేవాలయం కూలినా నిలిచిన గాజు: రంగుటద్దాల కిటికీల చరిత్రపై ఒక పరిశీలన

సంఘం పెరిగినప్పుడు పాత మందిరాన్ని తీసి పెద్దది కట్టుకోవడం సహజం. తిరుమలాయపాలెం వంటి గ్రామ ప్రాంతాలలోనైనా, నగరాలలోనైనా ఇది జరిగేదే. అయితే కూల్చే ముందు దేనిని భద్రపరచాలి? రంగుటద్దాల కిటికీల చరిత్ర ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించదలచాము.

నేటి బెల్జియంలోని హెర్కెన్‌రోడ్ సన్యాసినుల మఠం ఫ్రెంచి పాలనలో 1797లో రద్దయింది. దాని దేవాలయంలోని కిటికీలు 1530ల నాటివి. బ్రూక్ బూత్‌బీ అనే ఆంగ్లేయుడు 1802లో ఆ గాజును కొని, ఇంగ్లాండులోని లిచ్‌ఫీల్డ్ కెథడ్రల్‌కు చేర్చాడు. అంతర్యుద్ధ కాలంలో, అంటే 1640లలో, తీవ్రంగా దెబ్బతిన్న దేవాలయమది. తరువాత హెర్కెన్‌రోడ్ దేవాలయం నేలమట్టమైంది. దాని గాజు మాత్రం మరమ్మతు పొంది 2015 నాటికి లిచ్‌ఫీల్డ్‌లో తిరిగి అమరింది. ఒక సంఘం పోగొట్టుకున్నది మరొక సంఘపు ఆరాధనకు వెలుగైంది.

ఇది దానంతటదే జరగలేదు. ఈ కిటికీ ఒకే పలక కాదు. లోహపు రంగులతో చిత్రించి కొలిమిలో కాల్చిన చిన్న ముక్కలను సీసపు పట్టీలతో కూర్చుతారు. పట్టీ విడిపోతే చిత్రం చెదిరిపోతుంది. కాబట్టి విప్పకముందే నకలు తీసి, ప్రతి భాగానికి సంఖ్య వేయాలి.

మన తెలుగు సంఘాలలో ఇందుకు ముఖ్య ఉదాహరణ మెదక్ కెథడ్రల్. చార్లెస్ వాకర్ పాస్నెట్ నాయకత్వంలో నిర్మితమై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన ఈ దేవాలయపు మూడు కిటికీలను ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించాడు. ఆరోహణ 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమర్చబడ్డాయి. వెస్లియన్ మిషను కాలంలో మొదలైన ఈ చిత్రమాల దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాతనే పూర్తయింది. పగటి వెలుగు లేనిదే లోపలివారికి ఈ బొమ్మలు కనిపించవు. సీసం కాలక్రమేణా బలహీనపడుతుంది గనుక, మొదటి కిటికీకి నూరేళ్లు నిండుతున్న వేళ శ్రద్ధ అవసరం.

అన్ని మందిరాలకూ ఇటువంటి గాజు ఉండదు. తిరుమలాయపాలెం ప్రాంతానికి సమీపాన గల డోర్నకల్ కెథడ్రల్‌ను బిషప్ అజరయ్య దేశీయ శిల్పరీతిలో కట్టించగా, అది 1939లో ప్రతిష్ఠించబడింది. అక్కడ గోపురాలూ స్తంభాలే సంఘచరిత్రకు సాక్ష్యం. చిన్న మందిరంలో ఆ సాక్ష్యం శంకుస్థాపన రాయి కావచ్చు, గంట కావచ్చు, పాత తలుపు కావచ్చు.

కావున గడ్డపార తాకకముందే ఫొటోలు తీయించి, కొలతలు రాయించి, తీసిన వస్తువు ఎక్కడికి చేరిందో సంఘపు మినిట్స్ పుస్తకంలో నమోదు చేయవలెనని మా మనవి. కొత్త గోడలో ఆ పాత రాయికి చోటివ్వడానికి అయ్యే ఖర్చు స్వల్పం. పారవేస్తే కలిగే నష్టం తీరనిది.