సైడ్ వాల్వ్ ఇంజను: తొలి మోటారు కార్ల హృదయం

పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని సిలిండరులోనికి రానిచ్చే వాల్వు ఒకటి, మండిన పొగను వెలుపలికి పంపే వాల్వు మరొకటి. ఈ రెండూ సిలిండరు పైన కాక పక్కన నిటారుగా అమరి ఉన్న యంత్రమే సైడ్ వాల్వ్ ఇంజను. పైమూత చదునుగా ఉండుటచే దీనికి ‘ఫ్లాట్ హెడ్’ అనే పేరు కూడా కలదు.

నిర్మాణం, గుణాలు

కింద తిరిగే క్యామ్ షాఫ్టు వాల్వులను దాదాపు నేరుగా పైకి నెడుతుంది. పొడవాటి పుష్ రాడ్లు, రాకర్లు అవసరం లేవు. భాగాలు తక్కువ కనుక ధర తక్కువ. బోల్టులు విప్పి మూత తీస్తే మసి గీకడం, వాల్వులు అరగదీయడం సాధారణ మెకానిక్కుకు కూడా సాధ్యం. స్ప్రింగు విరిగినా వాల్వు పిస్టను మీద పడదు. 1908 నుండి 1927 వరకు సుమారు కోటిన్నర తయారైన ఫోర్డ్ మోడల్ టీ కారులో ఉన్నది ఇదే, 2.9 లీటర్ల ఇంజనుకు శక్తి 20 హార్స్ పవర్ మాత్రమే.

లోపాలు

మంట పక్కకు వ్యాపించవలసి ఉన్నందున మిశ్రమాన్ని గట్టిగా అదమడం కుదరదు. మోడల్ టీలో ఆ నిష్పత్తి దాదాపు 4కు 1. నేటి పెట్రోలు కార్లలో సుమారు 10కి 1. వేడి పొగ బ్లాకు గుండానే పోవుటచే ఇంజను త్వరగా వేడెక్కేది. నాటి నాసిరకం పెట్రోలుకు ఇది సరిపోయింది. పెట్రోలు నాణ్యత పెరిగిన కొద్దీ ఈ పద్ధతి వెనుకబడింది.

మన దేశంలో

1954 నాటి హిందుస్థాన్ ల్యాండ్‌మాస్టర్‌లోని 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజనుతోనే 1957లో అంబాసిడర్ వెలువడింది. 1959లో దాని స్థానాన్ని 1489 సీసీ ఓవర్ హెడ్ వాల్వ్ ఇంజను ఆక్రమించింది. మరుసటి ఏడు, 1960 ఏప్రిల్ 1న, చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. అంబాసిడర్ తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ సంస్థే 1998లో తిరువళ్ళూరు వద్ద మిత్సుబిషి లాన్సర్ కార్ల ఉత్పత్తి ప్రారంభించింది. ఆ కార్లలో వాల్వులే కాదు, క్యామ్ షాఫ్టు కూడా సిలిండరు పైకి చేరింది.

గుర్తించడం ఎలా?

ఇంజను పైన రాకర్ మూత లేక, చదునైన మూతలోనే ప్లగ్గులు నిలువుగా దిగి ఉంటే అది సాధారణంగా సైడ్ వాల్వ్ ఇంజనే. వాల్వుల సందు సరిచేయుటకు బ్లాకు పక్కన ఒక చిన్న మూత ఉంటుంది. తాతల నాటి బండిని ఇనుప తూకానికి అమ్మే ముందు ఈ రెండూ చూసుకోవడం మేలు. అది 1959కి ముందు నాటి అంబాసిడర్ కావచ్చు.